పనికింత రుసుముతో కానిస్టేబుల్ ఉద్యోగం

శ్రోతలకు నమస్కారం.

కానిస్టేబుల్ అనగానే మనకు ఖాకీ దుస్తులు, నెల జీతం, స్టేషన్ డ్యూటీ గుర్తుకు వస్తాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆ పదవి తీరే వేరు. అక్కడ కానిస్టేబుల్‌ను ప్రజలే ఓటు వేసి ఆరేళ్లకు ఎన్నుకుంటారు. ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రంలో శాంతిని కాపాడటం ఆయన విధి. మిగతా రోజుల్లో కింది కోర్టుల సమన్లు అందజేయడం, వారంట్లు అమలు చేయడం, తీర్పు వచ్చిన అద్దె ఇళ్లను ఖాళీ చేయించడం, నిందితులను జైలుకు చేర్చడం ఆయన పని. అయితే ఆయనకు జీతమంటూ లేదు. ఏ పనికి ఎంత రుసుమో చట్టమే నిర్ణయించింది.

ఎన్నికలో గెలిచినంత మాత్రాన ఈ కోర్టు పనులు దక్కవు. 1994లో చేసిన 44వ నంబరు చట్టం నాటి నుంచి, శిక్షణలో ఉత్తీర్ణుడై ధ్రువపత్రం పొందినవారే వాటిని చేయాలి. ఏటా మళ్లీ తరగతులకు వెళ్లి దానిని నిలుపుకోవాలి, తుపాకీ ధరించాలంటే వేరుగా అర్హత సంపాదించాలి, ఒక్కో ఘటనకు కనీసం 2,50,000 డాలర్లు, ఏడాదికి మొత్తం 5,00,000 డాలర్ల మేరకు వృత్తి బీమా ఉన్నట్లు కోర్టుకు రుజువు చూపాలి. ధ్రువపత్రం లేనివాడికి రుసుము అడిగే హక్కే లేదు. ఈ కట్టుబాటు ఎంతో అవసరమైనది. దీనిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

నా బాధ దీని ఖర్చు ఎవరి మీద పడుతున్నదన్న దాని గురించే. శిక్షణ నిధి కోసం, కానిస్టేబుల్ సేవ జరిగిన ప్రతి కేసుపైనా 5 డాలర్ల అదనపు రుసుము వేస్తారు. 2009లో క్రోడీకరించిన చట్టం ప్రకారం అరెస్టు వారంటు అమలుకు 25 డాలర్లు, కోర్టు హాలు కాపలాకు గంటకు 13 డాలర్లు. క్రిమినల్ కేసులో నేరం రుజువైతే ఇదంతా ముద్దాయి ఖాతాలో చేరుతుంది. అతడు నిర్దోషిగా బయటపడినా, కట్టుకోలేని పేదవాడైనా కౌంటీ, అంటే అక్కడి జిల్లా, ఖజానా భరిస్తుంది. ఇల్లు ఖాళీ చేయించే కేసులో యజమాని ముందుగా కట్టిన సొమ్ము, తీర్పు ఆయన పక్షాన వస్తే, అప్పటికే అద్దె చెల్లించలేకపోయిన కుటుంబం బాకీలో కలుస్తుంది.

అంటే శిక్షణ నిధి నిండాలన్నా, కానిస్టేబుల్ ఇల్లు గడవాలన్నా కేసులు రావాలి. ఒహాయోలో ఒక చిన్న ఊరి మేయరు న్యాయాధికారిగా కూర్చుని, ముద్దాయికి శిక్ష వేస్తేనే తనకు 12 డాలర్లు ముట్టే పద్ధతిలో తీర్పు చెప్పగా, అది న్యాయవిచారణ కాదని అమెరికా సుప్రీంకోర్టు 1927లోనే కొట్టివేసింది. ఆ తీర్పు న్యాయాధికారికి సంబంధించినదే గాని వారంటు పట్టుకువచ్చేవాడికి కాదు. అయినా, మనిషి గడప తొక్కే అధికారానికీ ఆ అధికారం తెచ్చే రాబడికీ మధ్య దూరం ఉండాలన్న న్యాయం రెండుచోట్లా ఒకటే అని నేను నమ్ముతున్నాను.

మన పల్లెల్లో తలారికి కళ్లంలో మేర కొలిచేవారు. ఆ ఏడు దొంగతనాలు జరిగాయా, ఎందరిని పట్టి ఇచ్చాడు అని లెక్కచూసి కొలిచింది కాదు అది. ఊరు నిమ్మళంగా నిద్రపోయిన ఏడు కూడా ఆయన గింజలు ఆయనకు ముట్టేవి. ఆ ఏర్పాటులో వేరే అన్యాయాలు ఎన్నో ఉన్నాయి, పుట్టుకతో అంటగట్టిన వెట్టి ఉంది. కాని కాపలాకు ప్రతిఫలం ఊరంతా కలిసి ఇవ్వాలన్న ఆ ఒక్క సూత్రం నాకు సరైనదిగా తోస్తుంది. ధ్రువపత్రం వల్ల మేలు రాష్ట్రమంతటికీ అందుతున్నప్పుడు, దాని ఖర్చు రాష్ట్ర బడ్జెట్ నుంచే రావాలి.

పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా పరిసరాల్లో ఎందరో తెలుగువారు అద్దె ఇళ్లలో ఉంటున్నారు. కోర్టు కాగితంతో కానిస్టేబుల్ తలుపు తడితే బెదిరిపోకండి, కాగితం తీసుకోండి, ధ్రువపత్రం చూపమని మర్యాదగా అడగండి. కేసు ఖర్చుల పట్టీలో ఆయన పేరిట వేసిన ప్రతి డాలరునూ చట్టంలోని రుసుముల పట్టికతో సరిచూసుకోండి. ఆ పట్టిక ఎవరైనా చదువుకోగల బహిరంగ పత్రమే.