స్పానిష్‌లో 'ఎన్నింటికి?'

అందరికీ నమస్కారం. అంకెలు వచ్చేస్తే స్పానిష్‌లో టైము చెప్పడం వచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. గడియారం చూసి చెప్పడం వరకైతే అంతే. రైలు ఎన్నింటికి, క్లాసు ఎన్నింటికి అన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

'ఇప్పుడు టైమెంత?' అంటే 'కే ఓరా ఎస్?' ఎనిమిదైతే జవాబు 'సోన్ లాస్ ఓచో'. 'క్లాసు ఎన్నింటికి?' అనడానికి మాత్రం మొదట్లో 'ఆ' చేరాలి: 'ఆ కే ఓరా ఎస్ లా క్లాసే?' జవాబులోనూ వదలకూడదు: 'ఎస్ ఆ లాస్ ఓచో'. మన 'ఎనిమిదింటికి'లో చివరి 'కి' చేసే పనే ఈ 'ఆ' ముందు నిలబడి చేస్తుంది. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా మింగేసేది దీన్నే.

ఇక క్రియ. గడియారం చూసి చెప్పేటప్పుడు అది గంటను బట్టి మారుతుంది: ఒంటిగంటయితే 'ఎస్ లా ఊనా', మిగతా గంటలన్నిటికీ 'సోన్'. కార్యక్రమం వేళ చెప్పేటప్పుడు గంటను పట్టించుకోకండి, కార్యక్రమం ఏకవచనమా బహువచనమా అన్నదే చూడండి. ఒక్క క్లాసయితే 'లా క్లాసే ఎస్ ఆ లాస్ ఓచో'. 'సోన్ ఆ లాస్ ఓచో' అంటే తప్పు. అదే క్లాసులు చాలా ఉంటే, ఒంటిగంటకైనా సరే, 'లాస్ క్లాసేస్ సోన్ ఆ లా ఊనా'. కార్యక్రమం ఎక్కడో చెప్పడానికీ ఈ క్రియే: 'లా రెయునియోన్ ఎస్ ఎన్ లా సాలా త్రేస్', అంటే మీటింగు మూడో గదిలో. ఇక్కడ 'ఎస్తా' వాడకూడదు. మనుషులు, వస్తువులు, భవనాలు ఎక్కడున్నాయో చెప్పడానికి అది. రైలు బయల్దేరితే 'సాలే', చేరితే 'యేగా', కొట్టు తెరిస్తే 'అబ్రే', మూస్తే 'సియెర్రా' అంటారు. వీటన్నిటి తర్వాతా 'ఆ లాస్' మామూలే.

ఏడున్నరకు 'ఆ లాస్ సియేతే ఈ మేదియా'. ఏడూ నలభై అయిదు దగ్గర జాగ్రత్త. స్పెయిన్‌లో 'ఆ లాస్ ఓచో మేనోస్ క్వార్తో' అంటారు. మన 'పావు తక్కువ ఎనిమిది' లాంటిదే, కాకపోతే తగ్గించే మాట చివర్లో వస్తుంది. 'ఓచో' వినగానే ఎనిమిదని రాసేసుకుంటే రైలు పోతుంది, వాక్యం పూర్తయ్యేదాకా వినండి. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల 'క్వార్తో పారా లాస్ ఓచో' అంటారు.

టికెట్ల మీద 24 గంటల లెక్క ఉంటుంది. 16:30ని స్టేషన్ ప్రకటనలో 'దియెసిసేయిస్ త్రేయింతా' అని చదువుతారు. మామూలు మాటల్లో అదే 'క్వాత్రో ఈ మేదియా దే లా తార్దే'. ఈ రెండు పద్ధతులనూ కలిపేయకండి. పదహారుకు 'దే లా తార్దే' తగిలించనక్కర్లేదు. మన మధ్యాహ్నం, సాయంత్రం రెండూ 'తార్దే'లోనే ఇమిడిపోతాయి. స్పెయిన్‌లో రాత్రి భోజనం ఆలస్యం కాబట్టి, ఏడు గంటలు కూడా 'దే లా తార్దే'నే. గంట చెప్పకుండా ఊరికే 'పొద్దున' అంటే 'దే' పోయి 'పోర్' వస్తుంది: 'పోర్ లా మన్యానా'. 'రేపు పొద్దున' అయితే 'మన్యానా పోర్ లా మన్యానా'.

చివరిగా, స్పెయిన్‌లో ఎవరైనా ఆన్‌లైన్ మీటింగు వేళ చెబితే, ఏ ప్రాంతం టైమో అడగండి. కానరీ దీవులు ప్రధాన భూభాగం కంటే ఒక గంట వెనక ఉంటాయి. అందుకే రేడియోలో వేళ చెప్పాక 'ఊనా ఓరా మేనోస్ ఎన్ కనారియాస్' అని కలుపుతారు.