పార్లర్‌కి మొదటిసారి వచ్చే పాప

శ్రోతలకు నమస్కారం. తిరుపతిలో నాకో చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. ఎండాకాలం వచ్చిందంటే ఓణీల ఫంక్షన్లు, పెళ్లిళ్లు, ఆపైన గంగమ్మ జాతర. 14 ఏళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని తల్లి వస్తుంది. "ఎల్లుండే ఓణీలు. పాప కొంచెం రంగు తేలేట్టు ఏదైనా చెయ్యి మేడం" అంటుంది. ఆ మాటకు పాప తల దించేసుకుంటుంది. ఇన్నేళ్లయినా అది చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

అమ్మా, బ్లీచ్‌తో ఒంటి రంగు మారదు. అందులోని హైడ్రోజన్ పెరాక్సైడ్ ముఖం మీది నూగుకు రంగు తీసేస్తుంది, అంతే. లేత చర్మానికి మంటా, ఎరుపూ మిగులుతాయి. ఈ వయసు పిల్లలకు నేనది వెయ్యను. ఎంతమంది అలిగి వెళ్లినా సరే.

ముందు పాపను కూర్చోబెట్టి, నీకేం కావాలమ్మా అని అడుగుతాను. చాలామంది మెల్లగా "కనుబొమలు కొంచెం సరిచెయ్యక్కా" అంటారు. త్రెడ్డింగ్‌తో మొదలుపెట్టడం మంచిదే. దారం మాత్రం ప్రతి మనిషికీ కొత్తది తియ్యాలి. ఒకరి ముఖం మీది పులిపిర్లు మరొకరికి అంటుకునేది ఇలాంటి చోట్లే. కొత్త దారం తియ్యమని అడగడానికి మొహమాటపడొద్దు.

మొటిమలున్న ముఖానికి గట్టిగా రుద్దే ఫేషియల్ వద్దు, వాపు పెరుగుతుంది. డాక్టరు మొటిమలకు ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటి క్రీములు రాసిచ్చి ఉంటే వ్యాక్సింగ్‌కు ముందే చెప్పండి. ఆ చర్మం మీద వ్యాక్స్ లాగితే పైపొర ఊడొస్తుంది. మొటిమలకు మింగే ఐసోట్రెటినాయిన్ మాత్రలైతే, ఆపేశాక కూడా వ్యాక్సింగ్‌కు 6 నెలలదాకా ఆగాలి.

మెహందీ సంగతి మరీ ముఖ్యం. గోరింటాకు ఎర్రగానే పండుతుంది. కాసేపట్లో నల్లగా పండే కోన్‌లో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలిసి ఉండొచ్చు. అది పడకపోతే చేతులు బొబ్బలెక్కుతాయి. ఒకసారి అలర్జీ వచ్చిందా, పెద్దయ్యాక తలకు రంగేసుకున్నా మళ్లీ తిరగబెడుతుంది.

ఫంక్షన్‌కు వారం పది రోజుల ముందే తీసుకురండి. కొత్త క్రీము ఏదైనా మోచేతి మడతలో కాస్త రాసి 2 రోజులు చూద్దాం. వచ్చేటప్పుడు డాక్టరు చీటీ మర్చిపోవద్దు. రంగు మాట మాత్రం పాప ముందు ఎత్తకండమ్మా.