ఒక మార్కు బాకీ

అధ్యక్షులకు, నిర్వాహకులకు, బడి పిల్లలకు నమస్కారం. బ్రిస్బేన్‌లో తెలుగు పద్యాల గురించి మాట్లాడమని పిలిచారు. మాట్లాడతాను. కానీ నిన్న మా అబ్బాయి లోన్ పైన్ జంతు సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్లి కోలాను చూపించాడు. అప్పట్నుంచి పద్యం నోటికి రావడం లేదు.

నేను జీవశాస్త్రం మాస్టారిని. ముప్పై ఏళ్ల కిందట యూనిట్ టెస్టులో "కోలా ఎలుగుబంటి ఏం తింటుంది?" అని అడిగాను. ఒక కుర్రాడు "కోలా ఎలుగుబంటి కాదండి" అని రాసి ఊరుకున్నాడు. సున్నా చుట్టాను. పక్కన "అతి తెలివి" అని ఎర్ర సిరాతో రాశాను కూడా.

వాడిదే రైటు. శాస్త్రవేత్తలూ మొదట్లో పొరబడ్డారనుకోండి. 1816లో కోలాకు పెట్టిన ఫాస్కొలార్క్టోస్ అనే శాస్త్రీయ నామానికి అర్థమే సంచి ఎలుగుబంటి!

బొచ్చుంది, పాలిస్తుంది, క్షీరదమే. అంతవరకు పేచీ లేదు. తేడా అంతా కాన్పులో ఉంది. కోలా పిల్ల 35 రోజులకే పుడుతుంది. చిక్కుడు గింజంత ఉంటుంది, గ్రాము బరువైనా తూగదు. కళ్లు తెరవని ఆ పసిగుడ్డు ముందుకాళ్లతో పాకి, సంచిలో దూరి, చనుమొన పట్టుకుంటుంది. ఇక ఆరు నెలలు అక్కడే. ఇలా సంచిలో పిల్లను పెంచే జంతువుల్ని మార్సూపియల్స్ అంటారు. మార్సూపియం అంటే లాటిన్‌లో చిన్న సంచి. మా అమ్మమ్మ రొంటిన దోపుకునే వక్కాకు సంచి గుర్తొచ్చింది నాకు.

వెనక వరసలో అమ్మలూ, ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి, ఇది వినాలి. కంగారూ సంచి నోరు పైకి ఉంటుంది. చెట్టెక్కే కోలాకు మాత్రం కిందివైపు! పిల్ల జారిపడదా? పడదు, నోటి చుట్టూ ఉన్న కండరం తాడు లాగినట్టు బిగుసుకుంటుంది. బొరియలు తవ్వే వోంబాట్ సంచీ వెనక్కే తెరుచుకుంటుంది, మట్టి పడకుండా. ఇప్పుడు బతికున్నవాటిలో కోలాకు దగ్గరి చుట్టం అదే. ఎలుగుబంటి ఏ వైపు చుట్టమూ కాదు.

నిన్న వెనక కాలు దగ్గరగా చూశాను. రెండో వేలు, మూడో వేలు కలిసిపోయాయి, గోళ్లు మాత్రం రెండున్నాయి. వాటితోనే దువ్వెనలా బొచ్చు దువ్వుకుంటోంది. కంగారూ కాలికీ ఇంతే. ఇవన్నీ తెలిసే నేను ఆ ప్రశ్న అలా రాశాను, చూడండి!

ఆ కుర్రాడికి జవాబూ తెలిసే ఉంటుంది, జామాయిల్ ఆకేగా. ప్రశ్నే తప్పని వదిలేశాడు. మర్నాడు పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఒక్క మాట అనలేదు.

టైమైందని చీటీ పంపారు. సరే, ఒక్క పద్యం చెప్పి దిగిపోతాను.