జడ్జి మీద కేసు – బైండోవర్ కాగితం

వేదిక మీది పెద్దలకు, దేవరకొండ బార్ మిత్రులకు, చందంపేట, డిండి దిక్కు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. శాలువాలకే పది పోయినయి.

కోర్టు వరండాలో రోజూ వినే మాటే: "నా మాట వినకుండనే ఆర్డరిచ్చిండు సారూ, ఆ జడ్జి మీదనే కేసేద్దాం." వేయలేం. 1850 నాటి న్యాయాధికారుల రక్షణ చట్టం తీసి చూడండి, ఉన్నది ఒక్కటే సెక్షన్. న్యాయవిధిలో, అంటే జడ్జిగా కేసు విచారించి ఉత్తర్వు ఇచ్చే పనిలో, చేసినదానికి సివిల్ దావా చెల్లదు. పరిధి దాటినా సరే, పరిధి ఉన్నదని ఆయన సద్బుద్ధితో నమ్మితే చాలు. 1985 నాటి జడ్జీల రక్షణ చట్టం మూడో సెక్షన్ క్రిమినల్ కేసుకూ అడ్డుగోడ కట్టింది, దిగిపోయిన జడ్జికి కూడా.

అమెరికాలో ఇంకా గట్టి గోడ. 1971లో ఇండియానాలో ఒక తల్లి అర్జీ పెడితే, ఆమె పదిహేనేళ్ల బిడ్డకు పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయొచ్చని జడ్జి సంతకం పెట్టిండు. నోటీసు లేదు, విచారణ లేదు, కేసు నంబరన్నా లేదు. పిల్లకేమో అపెండిక్స్ అని చెప్పిన్రు. పెళ్లయినంక సంగతి తెలిసి ఆమె దావా వేసింది. 1978లో అక్కడి సుప్రీంకోర్టు 5–3తో జడ్జి పక్కనే నిలబడ్డది.

ఇక్కడ రాజ్యాంగంల బతుకు, స్వేచ్ఛ హక్కు ఇచ్చే ఆర్టికల్ 21 గురించి చెప్పాలని రాసుకొచ్చిన. పక్కన పెడుతున్న. మీ చేతుల్ల కాగితాలు కనపడుతున్నయి. బైండోవర్ కాగితాలు, అంటే గొడవ చేయనని పూచీ బాండు రాయించుకునే కాగితాలు.

ఎన్నికలొచ్చినా, గట్టు పంచాయితీ ముదిరినా తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌గా పిలుస్తడు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 107 సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 126. ముందుగాల 130 కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలె: నీ మీద వచ్చిన సమాచారం ఏంది, బాండు ఎంత, ఎన్ని రోజులు, జామీనుదార్లు ఎందరు. అది నీకు చదివి వినిపించాలె. ఆ తర్వాత 135 కింద విచారణ. విచారణ మొదలుకాకముందే మధ్యంతర బాండు, అంటే విచారణ తేలేదాకా ఉండే బాండు, అడగరాదని 1970లోనే మధు లిమయే కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. జరిగేదేంది? చాలాచోట్ల అచ్చు కాగితం మీద పేరు, ఊరు నింపుతరు. సమాచారం రాయాల్సిన చోట "శాంతిభద్రతల దృష్ట్యా". అంతే. వెనక వరుసలో తెల్లంగి అన్నా, నీ కాగితం ఎత్తు. మూడో లైన్ల ఏమున్నది? ఖాళీనా? అదే నేను చెప్పేది.

మరి ఈ సంతకానికి 1850 గొడుగు ఉంటదా? న్యాయవిధిగా చేస్తేనే. 1965లో అన్వర్ హుస్సేన్ కేసులో, అరెస్టు చేయించిన సబ్ డివిజనల్ ఆఫీసరు "నేను మేజిస్ట్రేటునే కదా" అన్నడు. చేసింది కార్యనిర్వాహక పని, రక్షణ లేదన్నది సుప్రీంకోర్టు. కుర్చీ ఒక్కటే అయినా టోపీలు రెండు. దావా ఆలోచించేముందు ఆయన ఏ టోపీతో సంతకం పెట్టిండో చూడాలె.

దావాకన్నా దగ్గరి దారి ఉన్నది. ముందు సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టాలె. తుది బాండు ఉత్తర్వు మీద 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు. కాపీకి పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తరు. మనోళ్లు సంతకం పెట్టి ఇంటికి పోయి, రెండు నెలలకు జిరాక్సు పట్టుకొని వస్తరు. గడువు దాటినంక ఆలస్యం మాఫీకి వేరే పిటిషన్.

జడ్జి నడత మీదనైతే హైకోర్టుకు రాయండి, అఫిడవిట్‌తో, తేదీలతో. తీర్పు తప్పని రాస్తే ఆ ఫైలు అక్కడే ఆగుతది. అది అప్పీల్ల చెప్పుకునే ముచ్చట.

అధ్యక్షులు చీటీ పంపిన్రు. ఒక్క మాట. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టినోళ్లు చేతులెత్తండి. ఇంతమందా? సభ అయినంక వరండాలోకి రండి, కాగితం రెండు దిక్కులా జిరాక్సు తీయించుకొని.