నౌపడా టీ

వదిన: రికార్డింగ్ మొదలైంది. ఈసారి గొడుగు సంగతి ఎత్తకు.

మరిది: ఎత్తను. పర్లాకిమిడి నుంచి అందరికీ నమస్కారం. ఈ వారం గుండె కండకి రక్తం ఎలా అందుతోందో చూసే పెర్ఫ్యూజన్ స్కాన్ గురించి. దాన్నిబట్టి ముందు ముందు ముప్పెంతో చెప్తారట. వదిన ఇరవై ఏళ్లు నర్సు కాబట్టి...

వదిన: ఇరవై మూడు. చేతి నరంలోకి కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు, ఎక్కువగా టెక్నీషియం. రక్తం బాగా వెళ్లిన చోట కండ దాన్ని పట్టుకుంటుంది, వెళ్లని చోట బొమ్మలో వెలితి. ఒకసారి విశ్రాంతిగా ఉన్నప్పుడు తీస్తారు, ఒకసారి గుండెని కష్టపెట్టి. కష్టపెట్టినప్పుడే వెలితి కనబడితే రక్తం చాలట్లేదని. రెండింటిలోనూ ఉంటే పాత మచ్చ కావచ్చు.

మరిది: అచ్చం మన నేరోగేజి లైను! మామూలు రోజు పర్వాలేదు, సంతరోజున...

వదిన: వచ్చేసింది నేరోగేజి. 2004లో ఆపేశారు, తర్వాత బ్రాడ్‌గేజి కూడా వేశారు, నువ్వు మాత్రం ఇంకా దిగలేదు. నీ రైలు పిచ్చి వల్లే కదా మావయ్యగారి స్కాన్ ఆగిపోయింది!

మరిది: రైలు వల్ల కాదు, టీ వల్ల.

వదిన: నౌపడాలో ఆ టీ కొన్నదెవరు? కారు మాట్లాడతానంటే "నాన్నకి రైలే ఇష్టం" అన్నదెవరు?

మరిది: ఆసుపత్రి చీటీలో "కెఫీన్ నిషిద్ధం" అని ఉంది. టీ అని ఉందా? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు వదినా ఇది. వాడుక భాష కోసం ఆయన అంత పోరాడితే మనకి "కెఫీన్ నిషిద్ధం". టీ తాగొద్దు అని రాస్తే సిరా అయిపోతుందా? నేను కాఫీ అనుకున్నాను.

వదిన: టీ, కాఫీ, కూల్‌డ్రింక్, చాక్లెట్ అన్నీ ఫోన్లో చెప్పాను.

మరిది: అప్పుడు బండి కూత వేస్తోంది. అయినా సగం గ్లాసే తాగాడు.

వదిన: సగమైనా! గుండెని కష్టపెట్టడానికి ట్రెడ్‌మిల్ ఎక్కిద్దామంటే మావయ్యగారు మోకాళ్లతో ఎక్కలేరు. అందుకని అడినోసిన్ లాంటి మందిచ్చి రక్తనాళాలు విప్పారేలా చేస్తారు. ఆ మందు కూర్చోవాల్సిన చోట కెఫీన్ ముందే తువ్వాలు వేసేస్తుంది. నాళాలు సరిగా విప్పారవు, ఉన్న లోపం బొమ్మలో కనబడకపోవచ్చు.

మరిది: అందుకా పంపించేశారు? చాదస్తం అనుకున్నాను. పోనీ, ఆ టెక్నీషియం మందు మర్నాటికి దాచొచ్చుగా?

వదిన: ఆరు గంటలకోసారి సగం అయిపోతుంది. ఏం దాస్తారు?

మరిది: ఆ రోజు తిరుగు రైల్లో నాన్న మాట్లాడలేదు. పాతపట్నం వచ్చాక, "మీ అమ్మప్పుడు కూడా రేపు రమ్మన్నారురా" అన్నాడు. అంతే.

వదిన: నాకు చెప్పలేదే.

మరిది: ఎవరికీ చెప్పలేదు.

వదిన: ...సరేలే. రెండోసారి నార్మలే వచ్చింది కదా.

మరిది: అన్నట్టు, ముప్పు సంగతి చెప్పనే లేదు!

వదిన: నార్మల్ వస్తే గుండెపోటుకో గుండె మరణానికో అవకాశం మామూలుగా ఏడాదికి 1 శాతం లోపే. వెలితి పెద్దదయ్యేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. షుగరున్నవాళ్లకి ఆ భరోసా అంతకాలం నిలవదు. గుండెకి రక్తమిచ్చే మూడు పెద్ద నాళాల్లోనూ ఒకేలా రక్తం తగ్గితే పోల్చుకోడానికి మంచి భాగమే ఉండదు, స్కాన్ మోసపోవచ్చు.

మరిది: వెలితి కనబడితే స్టెంటేనా?

వదిన: వెంటనే కాదు. 2020లో వచ్చిన "ఇస్కీమియా" అనే అధ్యయనంలో 5,179 మంది, జబ్బు నిలకడగా ఉన్నవాళ్లు. ముందే స్టెంటో బైపాసో చేసినా, మందులతో మొదలుపెట్టినా గుండెపోట్లలో, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మరిది: ఇది నాన్న చెవిన వెయ్యకండి. ఇప్పటికే ఆ నార్మల్ కాగితం జేబులో పెట్టుకుని చుట్ట కాలుస్తున్నాడు.

వదిన: చుట్టా? మానేశానన్నారే!

మరిది: గుణుపురం బండి వచ్చే వేళకి స్టేషన్ వైపు వెళ్తాం కదా, అక్కడ...

వదిన: వెళ్తాం? నువ్వూనా? ఆ మైకు ఇలా ఇయ్యి. మావయ్యగారూ!