పేరు ఏ అక్షరంతో మొదలైనా సరే

(‘మ’తో మొదలయ్యే విషయాల మీద చెన్నైలో ఏర్పాటైన బ్లాక్ అండ్ వైట్ ఫొటోల ప్రదర్శన, ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఫొటోలు తీసిన పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు, హాలు ఇచ్చినవారికి, పొద్దుటి నుంచి మేకులు కొట్టి ఫ్రేములు తగిలించినవారికి అందరికీ పేరుపేరునా నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు చాలా పెద్ద మాటలన్నారు. నేను వడపళనిలో మా మేనమామ స్టూడియోలో ప్రింట్లు వేసినదాన్ని. ఫొటోలు కడిగే చీకటిగది, డార్క్‌రూమ్‌లోనే పని నేర్చుకున్నాను, అందులోనే పెద్దదాన్నయ్యాను. పావుగంట మాట్లాడమన్నారు. ఇంకాస్త పట్టవచ్చు. ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్న సంగతి ఒకటుంది.

ముందు ఫొటోల గురించి. ‘మ’తో మొదలయ్యేదే తీయాలి, రంగు ఉండకూడదు అని షరతు పెట్టుకుని ఈ పిల్లలు ఊరంతా తిరిగారు. మెరీనా, మైలాపూరు, మౌంట్ రోడ్డు, మాంబళం, మింట్ వీధి, మ్యూజియం. ఊరే మద్రాసు, ఇక కొదవేముంది! మ్యూజియం ‘మ’ కిందికి వస్తుందా రాదా అని వీళ్లలో వీళ్లు గట్టిగానే వాదించుకున్నారట. వస్తుందమ్మా. గుణింతమైనా ఒత్తయినా ‘మ’ కుటుంబమే.

ఈ షరతు నాకు నచ్చింది. చేతిలో ఫోనుంటే కనిపించిన ప్రతిదీ నొక్కేస్తాం. ఒక్క అక్షరం పట్టుకుని వెతికేవాళ్లు ఆగుతారు. రోజూ దిగే మెట్లు, మడతమంచం, మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు అప్పుడే కంటపడతాయి. పైగా రంగు లేదు. రంగు తీసేస్తే మిరపకాయ ఎరుపూ తొడిమ ఆకుపచ్చా ఇంచుమించు ఒకే బూడిద రంగుకి వస్తాయి. మిగిలేది ముడత, నిగనిగ, నీడ. ఆ మిరపకాయల ఫొటో తీసిన అమ్మాయి సాయంత్రం ఏటవాలు ఎండలో తీసింది. మిట్టమధ్యాహ్నం తీసి ఉంటే కాయకీ కాయకీ తేడా తెలిసేది కాదు.

మల్లెపూల ఫొటో చూశారా? కుడివైపు గోడకి మూడోది. తడిగుడ్డ మీద మాలలు చుట్టలు చుట్టి పెట్టారు. తెల్లని పువ్వు ప్రింటు వేయడం కష్టం. ఫొటో కాగితం వెలుగు పడినచోటే నల్లబడుతుంది. కాస్త వెలుగు తక్కువ పడితే కాగితం మీద తెల్లటి మచ్చ తప్ప రేకు కనిపించదు. పువ్వులకి తగ్గట్టు వెలుగు పెంచితే గుడ్డ మసిగుడ్డ అవుతుంది. అందుకని గుడ్డకి చేయి అడ్డం పెట్టి, ఆ చేతిని సన్నగా కదుపుతూ, పువ్వుల మీద మాత్రం ఎన్‌లార్జర్, అంటే నెగటివుని కాగితం మీద పెద్దది చేసి వేసే యంత్రం, దాని వెలుగు ఇంకొన్ని సెకన్లు పడనివ్వాలి. చేయి ఆగితే అంచు గీత పడిపోతుంది. ఈ ఫొటోలో గీత లేదు, రేకుల మధ్య సందు కూడా కనిపిస్తోంది. ఇది వేసిన అబ్బాయి ఎవరో గాని, నీ చేయి మంచిది నాయనా.

పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు తెలిసేది కాదు. మీ ముత్తవ్వల ఫొటోల్లో కుంకుమబొట్టు కాటుకతో పెట్టినట్టు నల్లగా ఉంటుంది, చూసే ఉంటారు. అంతకుముందు తరంలో అయితే కెమెరాకి దాదాపు నీలమొక్కటే తెలుసు. ఆకాశం తెల్లకాగితంలా పడేది, మేఘం పడేది కాదు. ఇక్కడ ‘మేఘం’ అని మూడు ఫొటోలున్నాయి గనక చెబుతున్నాను. ఈ ఊళ్లో ఫొటోగ్రఫీ సంఘం 1850ల్లోనే పుట్టింది. ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వానికి లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి ఫొటోగ్రాఫరుగా ఉండేవారు. ఆయన కాగితం నెగటివుల మీద కుంచెతో మేఘాలు దిద్దేవారు. 1858లో మదురై, తంజావూరు తిరిగి గుళ్లు తీశారు. తంజావూరు పెద్దగుడి పీఠం చుట్టూ ఉన్న శాసనాన్ని ముక్కముక్కలుగా తీసి, 21 ప్రింట్లు వరసగా అతికిస్తే దాదాపు 19 అడుగులు వచ్చింది. ఒక్క రాతను చూపించడానికి అంత శ్రమ! తంజావూరు మాట మళ్లీ ఎత్తుతాను, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నా బాధ చెబుతాను. పిల్లలూ, మీరు నొచ్చుకోవద్దు, కాని వినాలి.

ఫొటోల కింద కార్డులు చదువుకుంటూ వచ్చాను. మెరీనా అని ఉంది, ఏ చోట తీశారో ఉంది. మూర్ మార్కెట్ పాత ప్రింటు కింద, 1985లో కాలిపోయిందనీ, ఆ చోటే ఇప్పుడు సబర్బన్ రైళ్ల స్టేషనుందనీ రాశారు. చాలా బాగుంది. మ్యూజియం కింద 1851 అని స్థాపించిన సంవత్సరం కూడా వేశారు. ఆ పక్కనే ఒక ముసలావిడ ముఖం ఉంది. కింద ‘ముసలమ్మ’ అని ఉంది. తర్వాత ‘మత్స్యకారుడు’. తర్వాత ‘మేస్త్రి’. ‘మూట మోసే మనిషి’. ‘మల్లెపూల అవ్వ’. కట్టడానికి పేరుంది, వీధికి పేరుంది, కాలిపోయిన బజారుకి పేరుంది. బతికున్న మనిషికి మాత్రం లేదు.

ఎందుకిలా అయిందో నాకు అర్థమైంది. ఆ పూలవ్వ పేరు సరోజో సుబ్బమ్మో అయితే ‘మ’లో పట్టదు కదా! అక్షరం కోసం పేరు పక్కన పెట్టారు. వస్తువులకీ వీధులకీ ఈ షరతు ఎంత బాగా కుదిరిందో, మనిషి దగ్గరికి వచ్చేసరికి అంత అన్యాయం చేసింది.

ఇది మీరు మొదలుపెట్టింది కాదు. తెల్లదొరలు 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాల్లో మన దేశపు మనుషుల ఫొటోలు అచ్చేశారు. కులాల వారీగా, తెగల వారీగా. ఫలానా కులం మనిషి ఇలా ఉంటాడని చూపించడం వాళ్ల పని. 1876-78 కరువులో హూపర్ అనే మద్రాసు సైనికాధికారి ఫొటోలు తీశారు. మనవాళ్లు ధాత కరువు అనేది దాన్నే. కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు అన్నీ మాడిపోయాయి. ఎముకలగూళ్లలాంటి మనుషుల్ని, పిల్లల్ని గుంపుగా కూర్చోబెట్టి తీశారు. ఆ ఫొటోలు ఇవాళ్టికీ పుస్తకాల్లో వస్తుంటాయి. తీసినవారి పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది. అందులో కూర్చున్న ఒక్క మనిషి పేరూ లేదు. వాళ్లలో మన రాయలసీమ వాళ్లు ఎవరైనా ఉన్నారా, ఏ ఊరు, ఎవరి తాతముత్తాతలు? ఎవరిని అడుగుతాం ఇప్పుడు?

సరే, అంత దూరం ఎందుకు? మన సినిమా స్టూడియోల పేట కోడంబాక్కం సంగతే చెబుతాను.

మా అమ్మ గ్రూప్ డాన్సరు. కాకినాడ నుంచి వచ్చింది. పొద్దున్నే కంపెనీ వ్యాను వచ్చేది, ఇంకా చీకటి ఉండగానే వెళ్లిపోయేది. ఆ రోజుల్లో వాళ్లని ‘ఎక్స్‌ట్రాలు’ అనేవారు, ముఖం మీదే అనేవారు. ఏ సినిమాయో చెప్పను, అది ముఖ్యం కాదు. ఒక పాట స్టిల్స్ మా మేనమామ స్టూడియోకి ప్రింట్లకి వచ్చాయి. అందులో ఒకటి ఆ మూల గోడకి ఉంది, నాదే. ముందు హీరో, హీరోయిన్. వెనక అమ్మాయిలు చేతుల్లో హారతి పళ్లేలతో వరసగా నిలబడ్డారు. చివరినుంచి రెండో ఆమె మా అమ్మ. హీరోగారి మోచేయి అడ్డం వచ్చి సగం ముఖమే పడింది. ఉన్న సగంలో కన్ను చూడండి. నేరుగా కెమెరాలోకి చూస్తోంది. చూడకూడదు నిజానికి, స్టిల్ ఫొటోగ్రాఫరు తిడతాడు. అయినా చూసింది.

ఆ ప్రింటు వెనక వయొలెట్ ఇంకుతో కంపెనీ ముద్ర ఉంది. హీరో పేరు, హీరోయిన్ పేరు, పక్కన ‘మరియు ఇతరులు’.

ఆ కంపెనీ మూతపడ్డాక నెగటివులన్నీ కిలోల లెక్కన అమ్మేశారు. ఫిల్ము మీద వెండి ఉంటుంది కదా, దానికోసం కొనేవాళ్లు ఉండేవారు. పెట్టెలు రిక్షాలోకి ఎక్కిస్తుంటే మా మేనమామ వెళ్లి అడిగారు, కొన్నయినా ఇవ్వండి, నేనే కొంటాను అని. ఇవ్వలేదు. హీరోల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి, పాటల పుస్తకాల అట్టల మీద వచ్చాయి, అవి ఎక్కడో ఒకచోట మిగిలాయి. ఈ అమ్మాయిల ముఖాలు ఆ నెగటివుల్లో తప్ప ఇంకెక్కడా లేవు. వాళ్ల జన్మకి తీసిన ఫొటోలు అవే కావచ్చు. కిలోల లెక్కన పోయాయి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అమ్మ చివరి రోజుల్లో ఆ ప్రింటు, భూతద్దం ఇచ్చి, వీళ్లంతా ఎవరమ్మా అని అడిగాను. ఎడమనుంచి చెప్పుకుంటూ వచ్చింది. పేరు, ఊరు, ఎక్కడ ఉండేది, తర్వాత ఏమైంది. అన్నీ పెన్సిలుతో వెనక రాశాను. నాలుగో అమ్మాయి దగ్గర ఆగిపోయింది. రాజమండ్రి పిల్ల, మంచి గొంతు, మధ్యాహ్నం అన్నంలోకి అందరికీ మాగాయ తెచ్చేది అని చెప్పింది. పేరు మాత్రం రాలేదు. రెండు రోజులు అదే ధ్యాస. అన్నం తింటూ, పడుకుంటూ ఏవో పేర్లు అనుకుని, కాదు కాదు అని తల తిప్పేది. రాలేదు. ఆ ఒక్కచోట వెనక ఖాళీ ఉంది.

ఇప్పుడు తంజావూరు. ట్రైప్‌గారు తీసిన గుడే. ఆ గుడి ప్రాకారం గోడ మీద రాజరాజ చోళుడు వేయించిన ఇంకో శాసనం ఉంది. గుడిలో ఆడడానికి వేర్వేరు ఊళ్లనుంచి పిలిపించిన నాలుగు వందల మంది స్త్రీల జాబితా అది. ఒక్కొక్కరి పేరు, ఏ ఊరి గుడి నుంచి వచ్చింది, ఏ వీధి, ఏ వరస, ఎన్నో ఇల్లు! వెయ్యేళ్ల కిందట, రాతి మీద, ఉలితో. ఒక్కో అక్షరం చెక్కడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో ఆలోచించండి. వెనక వరసలో ఆడినామె పేరు కూడా అంత శ్రద్ధగా చెక్కారు. ఆ ఊరికి ఇక్కణ్ణుంచి ఒక రాత్రి ప్రయాణం. మన కోడంబాక్కంలో మాత్రం కాగితం వెనక పెన్సిలు గీత గీసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఇక్కడ ఒక మాట. అందరూ పేరు చెప్పడానికి ఇష్టపడరు. అమ్మ చెప్పినవాళ్లలో కొందరు పెళ్లయ్యాక సినిమాల్లో చేసిన సంగతే ఇంట్లో చెప్పలేదట. అందుకే ఆ ఫొటో కింద కార్డు మీద పేర్లు వేయించలేదు, వెనకే ఉంచాను. వెనక రాసి భద్రపరచడం వేరు, గోడకి తగిలించడం వేరు. అడగండి. వద్దంటే వద్దు. కాని అడగకుండా ‘ముసలమ్మ’ అని రాయకండి. పూలవ్వ ఫొటో తీసినవాళ్లు, ఆమె దగ్గర ఎంతసేపు నిలబడి ఉంటారు? ఫోకస్ చూసుకున్నారు, నీడ చూసుకున్నారు. అమ్మా నీ పేరేమిటి అనడానికి ఎంతసేపు పడుతుంది? తమిళంలో ఉంపేరెన్న పాట్టీ అంటే నవ్వుతూ చెబుతుంది. ప్రింటు ఒకటి తీసుకెళ్లి చేతిలో పెడితే మళ్లీ వెళ్లినప్పుడు టీ కూడా ఇప్పిస్తుంది.

కాబట్టి నిర్వాహకులను ఒకటి కోరుతున్నాను. పైన మీ ‘మ’ మాట ఉండనివ్వండి. దాని కింద ఇంకో వరసలో ఆ మనిషి పేరు వేయండి, పేరు ఏ అక్షరంతో మొదలైనా సరే. ఆదివారం సాయంత్రం దాకా ప్రదర్శన ఉంది. రేపు పొద్దున్న మైలాపూరు వెళ్తే పూలవ్వ మాడవీధిలోనే ఉంటుంది. మత్స్యకారుడు తెల్లవారుజామున ఒడ్డున దొరుకుతాడు. కార్డులు మళ్లీ రాయించే ఖర్చు నేను ఇస్తాను.

వచ్చిన మీ అందరితో కూడా పని ఉంది. ఇంట్లో పాత ఫొటోలున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, అందరూ ఎత్తారు. వాటిలో మనుషులెవరో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారా? ఉంటే ఈ వారమే కూర్చోండి. పాత మందపాటి కాగితం ప్రింటు అయితే బోర్లించి, శుభ్రమైన అద్దం మీద పెట్టి, మెత్తటి పెన్సిలుతో అంచు దగ్గర తేలిగ్గా రాయండి. బాల్ పెన్ను వద్దు, గీత ముందువైపు ఉబ్బుతుంది. కొత్తరకం ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిలు పట్టదు. దానికి కాగితం కవరు చేసి, ఫొటో లోపల పెట్టకముందే కవరు మీద రాయండి. సెల్లో టేపు అంటించొద్దు. జిగురు పేజీల ఆల్బముల్లో ఉన్నవి మెల్లగా బయటికి తీయండి, ఆ జిగురు పసుపు మరకలు చేస్తుంది. ఈ ఊరి ఉక్కకి నెగటివులకి బూజు పడుతుంది, గాలి తగిలేచోట పొడిగా ఉంచండి. ఫోన్లో, కంప్యూటర్లో ఉన్నవాటికి ఫైల్లోనే వివరాలు రాసే వీలుంది, మీ పిల్లలు చూపిస్తారు.

ఆదివారం దాకా గుమ్మం పక్కన బల్ల దగ్గర నేనే కూర్చుంటాను. పెన్సిళ్లు, కవర్లు, భూతద్దం అన్నీ ఉన్నాయి. ఫొటోలు తెచ్చుకోండి, కలిసి రాద్దాం. కోడంబాక్కంలో ఆ రోజుల్లో గ్రూపుల్లో ఆడినవాళ్ల ఇళ్లనుంచి ఎవరైనా వచ్చి ఉంటే మాత్రం, కాఫీలకి వెళ్లకముందే ఆ మూల ఫొటో దగ్గరికి ఒకసారి రండి. ఎడమనుంచి నాలుగో అమ్మాయి ఎవరో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. సెలవు.