ఒకటి నుంచి ఆరు, ఆరు నుంచి ఒకటి
(కర్నూలులో జాతీయ గణిత దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, లెక్కల మాస్టార్లకు, ముందు వరసలో కూర్చున్న ఇంటర్ పిల్లలకు నమస్కారం.

రామానుజన్ పుట్టినరోజు కాబట్టి, ఆయన పేరుతో ముడిపడిపోయిన 1729 గురించి చెబుతానని అనుకుంటుంటారు. ఆ సంఖ్యకు ఈ ఏడాది సెలవు ఇద్దాం.

బోర్డు మీద ఉన్నది చూడండి: 12345654321. అంటే 1234 కోట్ల 56 లక్షల 54 వేల 321. ఎటు నుంచి చదివినా ఒకటే. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దీన్నొక గుణకారం లెక్కగా ఇచ్చాడు. 27994681ని 441తో గుణిస్తే వచ్చేది ఇదే. ఆయన పొగిడిన రాజు అమోఘవర్షుడి రాజధాని మాన్యఖేటం, ఇప్పటి మల్ఖేడ్. మనకు మరీ దూరమేం కాదు, రాయచూరు దాటి ఇంకా పైకి పోవాలి. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఈ గ్రంథాన్నే. ఇలాంటివి అందులో ఇంకా ఉన్నాయి: 152207ని 73తో గుణించి చూడండి, వరసగా ఎనిమిది ఒకట్లు వస్తాయి. గుణకారమంటే విసుక్కునే పిల్లలు అప్పుడూ ఉండేవాళ్లేమో!

ఇంతకీ 441 ఎందుకు? అది 21 వర్గం. 27994681 చూస్తే భయమేస్తుంది కానీ, అదీ 5291 వర్గమే. 21ని 5291తో గుణిస్తే 111111. అంటే మన సంఖ్య ఆరు ఒకట్ల వర్గం. నమ్మకపోతే నిలువు గుణకారం వేయండి. ఆరు ఒకట్లను ఆరు వరసల్లో, ఒక్కో స్థానం ఎడమకు జరుపుతూ రాయాలి. కుడి చివరి నిలువులో ఒక్క ఒకటే, దాని పక్కన రెండు, ఆ పక్కన మూడు, నడిమి నిలువులో ఆరు, అక్కడి నుంచి మళ్లీ తగ్గుదల. ఏ నిలువులోనూ మొత్తం పదికి చేరదు కాబట్టి పక్క స్థానానికి ఏమీ మోయక్కర్లేదు. తొమ్మిది ఒకట్ల దాకా ఇదే ఆట. పదో ఒకటి చేరితే నడిమి నిలువులో పది పడి సొగసు చెడిపోతుంది: 1234567900987654321.

ఇక లోపలికి పోదాం. 111111 అంటే 111 రెట్లు 1001. 111లో 3, 37 ఉన్నాయి. 1001లో 7, 11, 13. వర్గం చేశాం కాబట్టి ఈ ఐదు ప్రధాన సంఖ్యలూ రెండేసి సార్లు వస్తాయి. ఒక భాజకం తయారు చేయాలంటే ఒక్కోదాన్ని అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి తీసుకోవచ్చు, రెండుసార్లు తీసుకోవచ్చు. మూడును ఐదుసార్లు గుణించండి, 243 భాజకాలు. ఇది బేసి సంఖ్య. మిగతావన్నీ జతలు కడతాయి, 111111 మాత్రం తనకు తానే జత.

బండి నంబరు కూడితే తొమ్మిది రావాలని ఆర్టీవో ఆఫీసులో వేలం పాడేవాళ్లకు ఇదీ నచ్చుతుంది: అంకెల మొత్తం 36, మళ్లీ కూడితే 9. కానీ ఆ అందం మనం పదులతో రాయడం వల్ల వచ్చింది. కంప్యూటర్ లాగా సున్నా, ఒకటితోనే రాస్తే ఇదే సంఖ్యకు 34 అంకెలు పడతాయి. మొదట్లో 101, చివర్లో 001. ఎటు నుంచి చదివినా ఒకటే అనే ముచ్చట అక్కడ లేదు. వర్గం కావడం, తొమ్మిదితో తెగడం, ఆ 243 భాజకాలు మాత్రం ఎక్కడికీ పోవు.

తిరగేసి కూడా చూడొచ్చు. మనం పదులతో రాసినట్టు, ఏడు ఆధారంగా అంటే ఏడులతో రాసి లెక్కపెట్టే ఊరొకటి ఉందనుకోండి. అక్కడ 12345654321 అని రాస్తే మన లెక్కలో 38 కోట్ల 44 లక్షల 73 వేల 664. అదీ వర్గమే, 19608 వర్గం. అయితే చివర ఒకటి కనిపిస్తున్నా అది సరి సంఖ్య. ఎందుకో మాస్టార్లు చెప్పకండి, పిల్లల్ని చెప్పనివ్వండి.